పక్క నుంచి కోసిన ఫొటో

మన్సూరాబాద్,
అక్టోబరు 4, 2011

ఇంద్రాణికి,

ఫోన్ చేయకు. నేను ఎత్తను. ఎత్తితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, అక్కడితో అయిపోతుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

ఆదివారం పేపర్లో ఫొటో చూశాను. నాకంటే ముందు మా గల్లీ అంతా చూసింది. సబ్బు కోసం కిరాణా కొట్టుకు పోతే కొట్టాయన పేపరు నా ముఖం ముందు పెట్టాడు. "ఏందమ్మా ఫొటోగ్రాఫరమ్మా, సొంత చిన్నాయననే పట్టిస్తివి గదా! గిందుకేనా సదివింది?"

ఎప్పుడూ చెప్పుకునేవాళ్లం కదా, మన పేరు అచ్చులో చూసుకోవాలని. చూసుకున్నాను. 'బస్సుపై ఆందోళనకారుడి వీరంగం' అని పైన, 'ఫొటో: సౌజన్య' అని కింద. మధ్యలో పగిలిన అద్దం, భయంతో నోరు తెరిచిన డ్రైవరు, చెయ్యెత్తి బస్సు మీదికి పోతున్నట్టు మా జంగయ్య చిన్నాయన. అదే రోజు నీ మెసేజ్: "నీ పేరు పేపర్లో! పార్టీ ఎప్పుడు?"

సోమవారం పొద్దున పోలీసులు ఎల్బీనగర్ ఆటో స్టాండుకు వచ్చి చిన్నాయనను తీసుకుపోయారు. మా అమ్మ కిష్టమ్మ, చిన్నమ్మ, నేను స్టేషన్ బయట మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. లోపలికి పోయి "ఆయన బస్సును ఆపడానికి చెయ్యెత్తాడు సార్" అన్నాను. "ఫొటో తీసింది నువ్వేనా?" అన్నాడు ఒకాయన. అవునన్నాను. "మరి ఫొటోల గట్ల లేదు గదా" అన్నాడు. నేను తీసిన ఫొటోనే నాకు చూపించి నా నోరు మూయించాడు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు చెప్పాను. తెలంగాణ సమ్మెలో ఎవరో విజయవాడ నుంచి వస్తున్న ప్రైవేటు బస్సు మీద రాయి వేశారు. అద్దం పగిలి డ్రైవరుకు దారి కనబడలేదు. బస్సు పక్కకు తిరిగి, జామకాయలమ్మే అండాలమ్మ గంపను కొట్టింది. ఆమె కింద పడింది, చక్రం ఆమె కాళ్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు చిన్నాయన బస్సు ముందుకు ఉరికి చెయ్యెత్తాడు. నేను తీసిన ఫొటోలో అండాలమ్మ ఉంది. ఎడమ వైపు, కింద. పేపర్లో లేదు.

కెమెరా నీది. మెమరీ కార్డు నీ దగ్గరే ఉంది. మరునాడే మీ నాన్నగారు మిమ్మల్ని కారెక్కించి రాజమండ్రి తీసుకుపోయారు. కెమెరా వెనక చిన్న తెర మీద చూశానంతే, నేను కంప్యూటర్‌లో ఆ ఫొటో పూర్తిగా చూసుకోనే లేదు. నన్ను అడగకుండా నువ్వు కోశావు, నన్ను అడగకుండా పంపావు.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మా నాయన పోయినప్పుడు నాకు ఆరేళ్లు. చిన్నాయన ఆటో తోలి, ఇద్దర్ని చదివించలేక, తన కొడుకు తిరుపతిని మానిపించి నన్ను పంపాడు. ఆయనకు నేనిచ్చింది ఇదీ.

అసలు ఫొటో వెంటనే పంపు. వేరే ఏమీ రాయకు.

సౌజన్య


రాజమండ్రి,
అక్టోబరు 11

సౌజీ,

వేరే ఏమీ రాయద్దన్నావు గానీ రాస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివి మూడుసార్లూ ఏడ్చాను. అంటే ఫోన్ ఎత్తకపోయినా నువ్వు అనుకున్నదే అయింది.

ఒట్టేసి చెప్తున్నానే, ఆ శీర్షిక నేను పెట్టలేదు. నేను పంపింది 'ఎల్బీనగర్ కూడలి, సమ్మె రోజున' అని మాత్రమే. నాకు ఆ చెయ్యి చూస్తే ఒక మనిషి బస్సుకు ఎదురు నిలబడ్డట్టు కనిపించింది. గొప్పగా కనిపించింది. వాళ్లకు ఇంకోలా కనిపిస్తుందని నాకు తట్టలేదు.

ఎందుకు కోశావంటే, కంపోజిషన్ కోసం. ఫొటోగ్రఫీ కోర్సులో బాపిరాజు మాస్టారు మనకు నేర్పిందే కదా: ఒక గీతను రెండు ముక్కలు చేస్తే, పెద్ద ముక్కకు చిన్న ముక్క ఎంతో, మొత్తానికి పెద్ద ముక్క అంత కావాలి. ఆ చోట ముఖ్యమైన వస్తువు పెడితే కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. నీ ఫొటోలో ఎడమ వైపు గందరగోళంగా ఉంది. గంప, కాయలు, జనం కాళ్లు. కన్ను అక్కడే చిక్కుకుపోతోంది. అందుకని ఆ స్వర్ణ నిష్పత్తికి సరిపడా కోశాను. మీ చిన్నాయన చెయ్యి సరిగ్గా గీత మీదికి వచ్చింది. నువ్వే అయినా అలాగే కోసేదానివి.

అసలు ఫొటో లేదు సౌజీ. ఇక్కడికొచ్చాక మా అన్నయ్య వినయ్ పెళ్లిచూపుల ఫొటోలకని కార్డు ఫార్మాట్ చేశాను. క్షమించు.

ఇక్కడ మా పెదనాన్న మమ్మల్ని "హైదరాబాదు వాళ్లొచ్చార్రా" అని వెక్కిరిస్తాడు. దిల్‌సుఖ్‌నగర్లో మా ఎదురింటావిడ "మీ ఊరికి ఎప్పుడు పోతరు?" అని అడిగింది. నాకు ఊరు ఏదో నాకే తెలియడం లేదు. ఉన్నది నువ్వొక్కదానివి. నువ్వు కూడా పైన 'ఇంద్రాణికి' అని బ్యాంకు నోటీసులా రాస్తే ఎలా?

నీ ఇందు


మన్సూరాబాద్,
అక్టోబరు 19

ఇంద్రాణికి,

బ్యాంకు నోటీసే అనుకో.

నీ ఉత్తరం వచ్చాక, కోర్సులో మనం పారదర్శకమైన షీటు మీద గీసుకున్న గీతలు ఉన్నాయి కదా, అది పెట్టెలోంచి తీశాను. గుర్తుందా, సినిమా పోస్టర్ల మీద, కొత్తపేట పండ్ల కుప్పల మీద, ఆఖరికి మీ అమ్మగారు వేసిన దోసె మీద కూడా పెట్టి చూసేవాళ్లం. నాగేశ్వరి ఆంటీ "ముందు తినండే, తర్వాత కొలవండి" అని తిట్టేది. ఆ షీటును పేపరు ముక్క మీద పరిచాను.

చిన్నాయన చెయ్యి గీత మీద లేదు. దగ్గర్లో కూడా లేదు.

తర్వాత స్కేలు తీశాను. మన కెమెరా చట్రం ఎత్తు రెండైతే వెడల్పు మూడు. అంటే ఒకటికి ఒకటిన్నర. స్వర్ణ నిష్పత్తి దీర్ఘచతురస్రం ఒకటికి ఒకటి పాయింట్ ఆరు దాకా పోతుంది. మన చట్రం కంటే పొడుగు. కెమెరా ఫొటోలోంచి దాన్ని తీయాలంటే పైన ఒక పట్టీ కోయాలి, లేదా కింద ఒక పట్టీ కోయాలి. కాస్త ఆకాశం పోతుంది, లేదంటే కాస్త రోడ్డు పోతుంది. పక్కలు ముట్టుకోవలసిన పనే లేదు. కెమెరా తెర మీద చూసినట్టే పేపర్లో పైన మూడు కరెంటు తీగలూ ఉన్నాయి. కింద డ్రైనేజీ మూత మొత్తం ఉంది. ఎత్తు వెంట్రుకంత కూడా తగ్గలేదు. కోత అంతా ఎడమ పక్కనే. ఇప్పుడు బొమ్మ దాదాపు నలుచదరంగా ఉంది. ఇది ఏ నిష్పత్తి? బాపిరాజు మాస్టారుకు తెలియని నిష్పత్తా?

నువ్వు కంపోజిషన్ కోసం కోయలేదు. ఎడమ పక్క ఉన్నదేదో కనబడకూడదని కోశావు. ఏముంది అక్కడ? ఒక ముసలామె రోడ్డు మీద పడిపోవడం మీ ఆంధ్రా పేపరుకు బాగుండదా? బస్సు మీవాళ్లదా?

ఇంకో మాట. నువ్వు కార్డు ఫార్మాట్ చేశానంటే నేను నమ్మాలి. మీ పెరట్లో పిల్లి ఆవులించిన ఫొటోలు పద్నాలుగు దాచుకున్నదానివి నువ్వు.

చిన్నాయనకు బెయిలు వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆటో ముందు కూర్చుని ఉంటున్నాడు, నడపడం లేదు. సైదాబాద్ వకీలు గంగాధరరావు గారు కేసు చూస్తున్నారు. మీ వైపువాళ్లే, భీమవరం. "అమ్మాయ్, డ్రైవరేమో అద్దం పగిలాక ఏమీ చూడలేదంటున్నాడు. ముసలావిడకు కింద పడ్డాక స్పృహ లేదు. ఈ మనిషి బస్సును ఆపాడనడానికి ఏదో ఒకటి చూపించాలి కదా" అన్నారు.

మొన్న దవాఖానకు పోయాను. అండాలమ్మ తుంటి ఎముక విరిగింది. పక్క మంచం వాళ్ల దగ్గర ఆ పేపరు ఉంటే అడిగి తీసుకుంది. చదవడం రాదు, బొమ్మనే చాలాసేపు చూసింది. "గీ బస్సే గదా నన్ను గుద్దింది. మరి నేనేడున్న బిడ్డా ఇండ్ల?" అంది. ఆమెకు ఏం చెప్పాలో నువ్వు చెప్పు.

సౌజన్య


రాజమండ్రి,
అక్టోబరు 28

సౌజన్యా,

ఫార్మాట్ చేయలేదు. అసలు ఫొటో సీడీలో పెట్టాను, పెద్ద ప్రింటు కూడా వేయించి ఈ కవరులో పెట్టాను. ప్రింటు విప్పేముందు తలుపు వేసుకో. మీ అమ్మగారి ముందు విప్పకు.

ఎడమ అంచున, గంప వెనకాల, కరెంటు స్తంభం పక్కన చూడు. నీలం చొక్కా. ఎడమ చేతిలో ఇంకో రాయి ఉంది. కుడి చెయ్యి విసిరాక ఎలా ఉంటుందో అలా ఉంది. ముఖం చాలా స్పష్టంగా వచ్చింది.

మీ తిరుపతి అన్నయ్య.

నేను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసేవరకు నాకూ తెలియదు. ఫొటో చాలా బాగుంది. నేను మూడేళ్లు తీసినా అలాంటిది రాదు. ఎలాగైనా అచ్చులో రావాలనిపించింది. అన్నయ్య కనబడకూడదనిపించింది. అంతకుముందు బంద్ రోజు క్లాసు అయ్యాక మా ఇంటిదాకా ఆటోలో దించింది ఆయనే కదా. "జర తలొంచుకోని కూసోరి చెల్లె" అని సందుల్లోంచి తీసుకుపోయాడు. ఆయన్ను తీసేయాలంటే ఎడమ పక్క కోయాలి. కోస్తే అండాలమ్మ కూడా పోయింది. పోతే మీ చిన్నాయన చెయ్యి ఎవరికోసం లేచిందో కూడా పోతుందని ఆ నిమిషంలో నాకు తోచలేదు.

నీకు చెప్తే నువ్వు ఇంట్లో ఆయన ముఖం ఎలా చూస్తావని నిష్పత్తి గొడవంతా కల్పించాను. నువ్వు స్కేలు పెడతావనుకోలేదు. అనుకోవలసింది.

బస్సు మావాళ్లదా అని అడిగావు. ఆ మాట మాత్రం నీ నుంచి వస్తుందనుకోలేదు.

ఇంద్రాణి


మన్సూరాబాద్,
నవంబరు 16

ఇంద్రాణీ,

బస్సు గురించి రాసింది తప్పు. అది ఒప్పుకుంటున్నాను. మిగతా కోపం అలాగే ఉంది. ఇంకా పెరిగింది కూడా. ఇప్పుడు అది ఒక్క నీ మీదే లేదు, అంతే తేడా.

తిరుపతి అన్న రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. చిన్నాయన జైల్లో ఉన్నప్పుడు చిన్నమ్మ ఏడుస్తుంటే "ఊకోయే, నాయిన ఏం తప్పు చేసిండని" అన్నాడు. ఆ నోటితోనే అన్నాడు.

ప్రింటు ముందు చిన్నాయనకు చూపించాను. ఆటోలో కూర్చుని చూశాడు. అండాలమ్మ దగ్గర ఆగలేదు, తన దగ్గర ఆగలేదు. చూపు తిన్నగా స్తంభం దగ్గరికి పోయింది. అప్పుడే నాకు అర్థమైంది.

"నీకు ముందే ఎర్కనా చిన్నాయనా?"

"బస్సు ముంగటికి ఉరికేటప్పుడే సూసిన."

"మరి స్టేషన్ల ఎందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? నా కొడుకు ఆడున్నడు, పట్టుకపోండ్రి అనాల్నా?"

"నువ్వు చెయ్యని దానికి జైలుకు పోతవా?"

"పోయొచ్చిన గదనే. మల్ల పోత. నాదేముంది, సగం బతుకు ఒడిసింది." ప్రింటు నా చేతికి తిరిగి ఇస్తూ అన్నాడు: "వానికి నేన్ సదువియ్యలే. నీకిచ్చిన. ఇగ జైలు గూడ వానికేనా?"

ఇంద్రాణీ, ఈ మాట మీద కూడా నాకు కోపమే వచ్చింది. నన్ను చదివించింది దేనికి? కన్ను తెరిచి చూడమనే కదా. చూశాక మూసుకోమంటే ఎట్లా?

తర్వాత నేనేం చేశానో కూడా చెప్తాను. దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అండాలమ్మ ఉండాలి, చిన్నాయన ఉండాలి, అన్న ఉండకూడదు. నువ్వు కోసిన గీతను ఇంకాస్త ఎడమకు జరిపాను. గంప సగం తెగింది. అండాలమ్మ ఒక చెయ్యి తెగింది. ఇంకొంచెం జరిపితే నీలం చొక్కా మోచెయ్యి వస్తోంది. ఆ మోచేతికీ ఆ ముసలి చేతికీ మధ్య అసలు ఖాళీ లేదు. ఒకరిని తీయాలంటే ఇంకొకరిని కోయాలి. నిన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. కోశాను. ప్రింటు తీసి వకీలు గారి దగ్గరికి పట్టుకుపోయాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూశారు. "ఏమ్మా, మొన్నొక ముక్క పేపర్లో వేశారు. ఇవాళ ఇంకో ముక్క తెచ్చావు. మూడో ముక్కలో ఏముందని మెజిస్ట్రేటు గారు అడిగితే నేనేం చెప్పను? కోసిన బొమ్మ నాకొద్దు. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు, ఆ కార్డుతో సహా తీసుకురా. లేదంటే అసలు తేకు."

షీటును అసలు ఫొటో మీద కూడా పరిచి చూశాను. పైన తీగల వరకు కోస్తే నిష్పత్తి సరిపోతుంది. నిలువు గీత ఎవరి మీదా పడలేదు. ఖాళీ రోడ్డు మీద, చితికిన జామకాయల మీద పడింది. మాస్టారు చెప్పినట్టయితే ముఖ్యమైనది అక్కడ ఉండాలి. అక్కడ ఎవరూ లేరు. నేను గొప్పగా తీశానని రాశావు. నేను ఏదీ చూసి తీయలేదు. భయపడి నొక్కాను.

జైలుకు చిన్నాయన పోవాలా, అన్న పోవాలా? సీడీ నా ట్రంకు పెట్టెలో ఉంది. తాళం మెడలో వేసుకున్నాను. అమ్మ "ఏందే గది, బంగారమా?" అని అడుగుతోంది.

సౌజన్య


రాజమండ్రి,
నవంబరు 27

సౌజీ,

నేనైతే బయట పెట్టను. మీ చిన్నాయన మాట విను. ఆయనకు ఏది ఎక్కువో ఆయనకే తెలుసు.

కాకపోతే ఒకటి. కోసింది నేనని ఎక్కడైనా వచ్చి చెప్తాను. కార్డు కూడా నా దగ్గరే ఉంది, చెరపను. నాన్నగారితో అన్నాను. ఆయన పేపరు కింద పెట్టి "ఇప్పుడు హైదరాబాదు కోర్టుకెళ్లి, తెలంగాణ కేసులో, ఈ రామమోహనరావు కూతురు సాక్ష్యమా? నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నారు. అమ్మ మాత్రం రెండు రోజుల తర్వాత "ఆ పిల్ల మనింట్లో ఎన్ని దోసెలు తిందో" అంది.

ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. తిట్టడానికైనా పిలువు.

ఇందు


మన్సూరాబాద్,
జనవరి 21, 2012

ఇందూ,

చాలా రోజులు రాయలేదు. ఏదో ఒకటి అయ్యాక రాద్దామని.

అండాలమ్మను పెద్ద అంబర్‌పేట్‌లో కూతురి ఇంటికి తెచ్చారు. ఆమె అడిగినదానికి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాననిపించింది. మొత్తం ప్రింటు తీసుకుని పోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చూపించాలని తప్ప వేరే ఆలోచన లేదు. నువ్వు నమ్మకపోయినా సరే.

మంచం మీద పరిచాను. తనను తాను చూసుకుని "అగో, నా గంప!" అని నవ్వింది. "ఎంత మంచిగ ఉండె కాయలు, అన్ని పాయె." చిన్నాయనను చూసి చెయ్యెత్తి మొక్కింది. తర్వాత ఆమె వేలు స్తంభం దగ్గర ఆగింది.

"గీయన మన క్రిష్ణ గాదు?"

"ఏ క్రిష్ణ?"

"ఆటో క్రిష్ణ. దవాఖానకు పోవాలంటే వొస్తడు, ఎత్తుకొని కూసోవెడ్తడు. పైసలియ్యబోతే తీసుకోడు. ఎవలో మంచోళ్ల కొడుకు అనుకున్న." బొమ్మను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "చేతిల ఏందది, రాయా?"

అన్న ఆమెకు వేరే పేరు చెప్పుకుని తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది నాకు. ఆమె బొమ్మను తన పక్కకు జరుపుకుంది. తర్వాత "ఇది నా తాన పెట్టి పో" అంది. ఆ గొంతు వినాలి నువ్వు. నాకు ఇన్ని నెలలుగా ఉన్న కోపం దాని ముందు పిల్లకోపం.

తర్వాతి మంగళవారం అన్న ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. ఆటో ఎక్కించాక ఆమె కొంగు కింద నుంచి బొమ్మ తీసి ఆయన ఒళ్లో పెట్టిందట. "పైసలెందుకొద్దంటివో ఇప్పుడెర్కైంది. నన్ను మోసుడు సాలు. నువ్వు చేసింది నువ్వు మొయ్యి" అందట. ఇది అన్నే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బొమ్మను చిన్నాయన ముందు పెట్టాడు. "నాయినా లే, వకీలు తానికి పోదాం."

"ఎవలు సూపెట్టిన్రు నీకు?" అన్నాడు చిన్నాయన.

"ఎవలైతేంది. ఆడున్నది నేనే గదా."

చిన్నాయన అన్నను కొట్టాడు. పెద్దయ్యాక మొదటిసారి. అన్న దులుపుకుని మళ్లీ "లే నాయినా" అన్నాడు. అప్పుడు చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. దించుకుని ఉంటే బాగుండేదేమో.

అన్న స్వయంగా లొంగిపోయాడు. జైల్లో ఉన్నాడు. వచ్చే వారం బెయిలు రావచ్చంటున్నారు. కార్డు, కోసినవాళ్ల మాట రెండూ ఉంటే చిన్నాయన పేరు కేసులోంచి పోతుందని గంగాధరరావు గారు అన్నారు. పోయేముందు అన్న నాతో ఒక్క మాటే అన్నాడు: "ఫొటో మంచిగొచ్చింది చెల్లె. నేనొక్కన్నే ఖరాబు గొట్టిన." అన్యాయం కదూ, జోకు వేసి పోవడం? ఆయన మీద సరిగ్గా కోపం కూడా తెచ్చుకోనివ్వలేదు.

చిన్నాయన నాతో మాట్లాడడం మానేశాడు. చిన్నమ్మ అన్నం పెడితే కంచం తీసుకుని ఆటోలోకి పోయి తింటున్నాడు. నేను ఎదురొస్తే దారి ఇస్తాడు, తెలియని మనిషికి ఇచ్చినట్టు. నేను చేసింది తప్పని నాకు అనిపించడం లేదు. ఆయన చేసింది తప్పని కూడా చెప్పలేను. రోజూ ఆటో దగ్గర మంచినీళ్ల చెంబు పెడుతున్నాను. తాగడం లేదు. రేపు కూడా పెడతాను.

ఫిబ్రవరి తొమ్మిదిన వాయిదా. నువ్వు రావాలి. కార్డు తీసుకుని రా. మీ నాన్నగారు వద్దంటే ఆయన్ను కూడా తీసుకుని రా, గంగాధరరావు గారు మాట్లాడతారు. కోసింది నువ్వని నువ్వు చెప్పు. తీసింది నేనని నేను చెప్తాను. తర్వాత బయట నిలబడి, మనం మళ్లీ మాట్లాడుకోవాలో వద్దో తేల్చుకుందాం.

సౌజన్య